పొరుగు చెప్పాల్సిన మాట

యంత్రం పేరు జాడ. ఆ పేరు పెట్టింది మా అమ్మాయి ప్రణీత. తయారు చేసిందీ తనే. ఇప్పుడది కాకినాడ శివార్లలో, సముద్రానికి దగ్గరగా కట్టిన ఆశ్రయ కేంద్రంలో ఒక ఆకుపచ్చ బల్ల మీద ఉంది. దాని ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరు మన దేశంలో ఉండొచ్చో, ఎవరు ఓడెక్కి వెనక్కి పోవాలో అది తేలుస్తుందట. మా అమ్మాయి దాన్ని అందుకు చేయలేదు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

మా అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. "ఆవిడకేమీ తెలియట్లేదండీ, మీరు చెప్పుకోవడమే గాని" అన్నాడు డాక్టరు. ప్రణీత ఒప్పుకోలేదు. అప్పుడు తను విశాఖపట్నంలో పరిశోధన చేస్తోంది. సెలవులకు వచ్చినప్పుడు ఒక పట్టీ, ఒక పలక తెచ్చింది. పట్టీ నాన్నమ్మ నుదుటికి కట్టింది. పలక ఆవిడ అరచేతి కింద పెట్టింది. తెర మీద ఒక గీత కదులుతూ ఉంది.

"నాన్నమ్మా, నువ్వు తాతయ్యకి చెప్పకుండా లాంచీ ఎక్కి రాజమండ్రి సినిమాకి పోయావు చూడు, తిరిగొచ్చేటప్పుడు లాంచీ ఏమైంది? ఇసుక మేటలో..."

'ఇరుక్కుంది' అనే మాట తన నోట్లోంచి రాకముందే గీత లేచింది.

"చూశావా అమ్మా? నాకంటే ముందే వెళ్ళిపోయింది ఆవిడ. విన్న కథయితే గీత మాట వెనకాల నడుస్తుంది. బతికిన కథయితే ముందు నడుస్తుంది. నాన్నమ్మకి అన్నీ తెలుసు."

మా అత్తగారు పోయేదాకా మేం ఆవిడతో రోజూ మాట్లాడాం. అదీ జాడ చేసిన మొదటి పని. మాట లేనివాళ్ళ పక్కన కూర్చుని మరొకరు మాట్లాడుతుంటే, లోపల మనిషి ఉన్నారని చెప్పడం.

తర్వాత ప్రణీత ఆ యంత్రాన్ని తీసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. అలా తిరుగుతున్న రోజుల్లోనే ఒక తెల్లవారుజామున జాతీయ రహదారి మీద, ఆపి ఉంచిన ఇసుక లారీని తన కారు గుద్దుకుంది. లారీకి వెనక దీపాలు లేవు. మేం వెళ్ళి చూసేసరికి అది ఇంకా అక్కడే ఉంది. ఇంతకంటే ఎక్కువ నేనెవరికీ చెప్పలేదు. మా ఆయన వెంకటరత్నం నాతో కూడా ఇంత చెప్పలేదు. మా ఇంట్లో తన పేరు వినపడటం మానేసింది. పక్కింటివాళ్ళు వచ్చి "ధైర్యంగా ఉండాలండి" అని వెళ్ళారు. ధైర్యంగానే ఉన్నాం. అన్నం వండుకుంటున్నాం, నేను బడికి వెళ్తున్నాను.

యంత్రం తను పనిచేసిన ప్రయోగశాలకు మిగిలింది. ప్రయోగశాల దాన్ని, ఆశ్రయం కోరేవాళ్ళను విచారించే ప్రభుత్వ సంఘం ఒకదానికి అద్దెకిచ్చింది.

నేను మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆశ్రయ కేంద్రంలో పెద్దవాళ్ళకు తెలుగు నేర్పడానికి టీచర్లు కావాలంటే పేరిచ్చాను. బడి అయ్యాక ఇంటికి వెళ్ళడం కంటే అది నయమనిపించింది. చేరేటప్పుడు మార్గదర్శకాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. ఆశ్రయం కోరి వచ్చినవారిని గౌరవంగా చూడాలి. వారి ఆచారానికి తగిన పద్ధతిలో ప్రశ్నలు అడగాలి. విచారణలో వారు కోరుకున్న ఒక తోడు మనిషిని పక్కన కూర్చోనివ్వాలి. చక్కటి తెలుగు, ఎక్కడా తప్పు లేదు. అది ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంది. వచ్చినవాళ్ళలో ఆ రెండు భాషలూ చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

వచ్చినవాళ్ళు తొరాయ్ దీవుల వాళ్ళు. ఆ దీవుల చుట్టూ సముద్రం అడుగున ఏదో లోహం దొరికింది. అక్కడి సైన్యం ఊళ్ళు ఖాళీ చేయించింది. 'ఖాళీ చేయించింది' అన్నది పత్రికల మాట. ఖాళీ ఎలా చేయించారో మా తరగతిలో కూర్చున్నవాళ్ళకు తెలుసు. వాళ్ళు చేపల పడవల్లో బయటపడి మన తీరానికి కొట్టుకొచ్చారు.

అందరికంటే ముందు వరసలో కూర్చునేవాళ్ళు మిసావు, తలేని. మిసావుకు యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. తలేని ఆమె కంటే చిన్నది, పొడుగు, నవ్వు ఆపుకోలేదు. అక్కడ ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఇక్కడ పక్కపక్క మంచాలు.

ఒకరోజు 'మా ఇల్లు' అనే పాఠం చెప్పాను. ఒక్కొక్కరినీ లేపి, నాలుగు వాక్యాలు చెప్పమన్నాను.

మిసావు లేచింది. "తలేని ఇల్లు మంచిది. కిటికీలు రెండు. వంట బాగా వాసన వస్తుంది."

"బాగుంది. కానీ నీ ఇంటి గురించి చెప్పాలి."

"అది తలేని చెబుతుంది."

తలేని లేవకుండానే అందుకుంది. "మిసావు ఇల్లు కారుతుంది. వాన వస్తే మా ఇంట్లో పడుకుంటుంది. గురక పెడుతుంది. మేం బయట పడుకుంటాం."

తరగతి అంతా నవ్వింది. మిసావు కూడా నవ్వింది. నేను ఆ నవ్వుల్లో అసలు విషయం గమనించలేదు. తర్వాత లేచినవాళ్ళు కూడా ఒక్కొక్కరూ పక్కవాళ్ళ ఇల్లే చెప్పారు. ఏదో ఆట ఆడుతున్నారనుకున్నాను.

విచారణ ఫలితాలు వచ్చిన రోజున అర్థమైంది, అది ఆట కాదని.

మిసావుది తిరస్కరించారు. తలేనిది తిరస్కరించారు. వాళ్ళ ఊరివాళ్ళవి దాదాపు అన్నీ తిరస్కరించారు. కారణం అందరికీ ఒకటే. దరఖాస్తుదారు చెప్పిన సంఘటన ఆమె స్వయంగా అనుభవించినది కాదు, విని నేర్చుకున్నది. జాడ గీత మాట వెనక నడిచింది. పైగా తలేని చెప్పిన కథలో మిసావు గురించి వచ్చిన వాక్యాలూ, మిసావు తన గురించి చెప్పిన వాక్యాలూ మాటకు మాట ఒకటే. కనుక ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించారు.

ఇంతకుముందు ఇలాగే తిరస్కరించిన తొరాయ్ వాళ్ళతో రెండు ఓడలు వెళ్ళాయి. నెలాఖరుకు మూడోది ఉంది.

తరగతి గదిలో మిసావు ఒక్కత్తే కూర్చుని ఉంది. పాఠం లేదు. నేను ఆమె ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను.

"వాళ్ళు ఏమడిగారు మిసావూ?"

"మీ భర్త, మీ కొడుకులు ఎలా పోయారు, చెప్పండి అన్నారు. తలేనిని అడగండి అన్నాను. లేదు, మీరే చెప్పాలి అన్నారు. నాకు సిగ్గేసింది."

"సిగ్గెందుకు?"

ఆమె నా వైపు చూసింది. నాకు ఇంతమాత్రం తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"మా దగ్గర, ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు చెప్పరు. మూడో రోజు పొరుగు మనిషి వస్తుంది. గడప మీద కూర్చుంటుంది. పోయినవాళ్ళు ఎలా బతికారు, ఎలా పోయారు, అందరికీ చెబుతుంది. మేం వెనకాల కూర్చుంటాం. నోట్లో ఎండుకొబ్బరి ముక్క ఉంటుంది. అది మెత్తబడేదాకా మాట్లాడకూడదు. తర్వాత ఎవరడిగినా, ఎప్పుడడిగినా, పొరుగు చెప్పిన మాటే చెప్పాలి. నా మాట కలపకూడదు."

"కలిపితే?"

"చచ్చిపోయినవాళ్ళని అమ్ముకున్నట్టు." అంది. "అన్నం కోసం, ఇల్లు కోసం నా పిల్లల చావు నేనే చెప్పుకుంటానా టీచర్? వాళ్ళు మరీ మరీ అడిగారు. సరే అని, తలేని చెప్పిన మాటే చెప్పాను. ఒక్క మాట మార్చలేదు. నేను మర్యాదగానే చెప్పాను."

ఆ మర్యాదే ఆమెను దోషిని చేసింది.

నేను ముప్పై ఏళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తరగతిలో ఒకడు తప్పు రాస్తే వాడికి రాలేదనుకుంటాను. అందరూ ఒకే తప్పు రాస్తే ప్రశ్న చూసుకుంటాను. ఇంత చిన్న పని ఆ సంఘంలో ఒక్కరూ చేయలేదు. అందరూ ఒకే తప్పు చేస్తుంటే, అందరూ అబద్ధాలకోర్లని రాసుకున్నారు. ఓడలు నింపుకున్నారు.

"ఆ యంత్రం చెడ్డది" అంది మిసావు.

ఊరుకోవచ్చు. కానీ ఊరుకుంటే అబద్ధమవుతుంది. "అది మా అమ్మాయి చేసింది" అన్నాను.

ఆమె కోప్పడలేదు. "ఎక్కడుంది?"

"లేదు."

"ఎవరు చెప్పారు?"

ఆ ప్రశ్న ఏమిటో నాకు అప్పటికి తెలుసు. "ఎవరూ చెప్పలేదు."

"పొరుగు లేరా మీకు?"

ఉన్నారు. మేడ మీద ఇద్దరు, కింద నలుగురు. మిసావు తన బెంచీ మీంచి లేచి వచ్చి, నా పక్కన కూర్చుని, అమ్మాయి పేరు అడిగింది. ఏం తినేది, ఎలా నవ్వేది, ఎవరిని తిట్టేది అని అడిగింది. ఎలా పోయిందో అడిగింది. నాకు తెలిసినవి చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆమె తల ఊపుతూ పెదవులు కదుపుతూ నేర్చుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయనకు చారు వడ్డిస్తూ, "ప్రణీత యంత్రంతో మనుషుల్ని వెనక్కి పంపేస్తున్నారు" అన్నాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ పేరు విని చాలా రోజులైంది.

"ఎవర్ని?"

చెప్పాను. ఆయన పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, గొంతు పెంచి ఎరగడు. అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ కుర్రాడేం చేస్తున్నాడు? యుగంధర్?" అన్నాడు.

యుగంధర్ ప్రణీతతో కలిసి పనిచేసినవాడు. ఇప్పుడు ప్రతి శనివారం కేంద్రానికి వచ్చి జాడను సరిచూసి పోతాడు. యంత్రం విచారణకు పనికొస్తుందని ప్రయోగశాల తరఫున ప్రతి నెలా సంతకం పెట్టేది అతనే. ఆ సంతకం లేకపోతే, ఆ నెలలో యంత్రం చెప్పినదేదీ చెల్లదు.

శనివారం అతన్ని యంత్రం గదిలోనే పట్టుకున్నాను. మిసావునూ తలేనినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర కాపలా అమ్మాయి, "ఏంటండి టీచరుగారూ, సెలవునాడు కూడా పాఠాలేనా? పాపం వీళ్ళని వదిలెయ్యండి" అని నవ్వి లోపలికి పంపింది.

యుగంధర్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఆంటీ, మీరిక్కడ..."

"కూర్చో బాబూ. ఒక్క మాట. ఈ యంత్రం తప్పు చెబుతోందా?"

"లేదాంటీ. ప్రతి వారం చూస్తున్నాను. వాళ్ళు విన్న మాటే చెప్పారు. విన్న మాట అనే అది చూపించింది. అది నిజమే."

"మరి వాళ్ళు ఆ తగలబెట్టిన ఊళ్ళోంచి రాలేదా?"

అతను తెర వైపు తిరిగాడు.

"ప్రణీత దీన్ని మొదట ఎవరికి కట్టింది?"

"మీ అత్తగారికి."

"ఎవరు మాట్లాడారు?"

"తనే మాట్లాడింది." అతని ముఖం మారింది. ఆలోచన అతనికి అందింది గాని, దాన్ని పట్టుకోవడానికి భయపడుతున్నాడు. "కానీ ఆంటీ, విచారణలో చెప్పేవాళ్ళకే కట్టాలని సంఘం నిబంధన పెట్టింది. వినేవాళ్ళకి కట్టే పద్ధతి..."

"నిబంధన సోమవారం చూసుకుందాం. ఇవాళ కట్టి చూడు."

మిసావు నుదుటికి పట్టీ కట్టాడు. ఆమె చేతి సంచిలోంచి ఎండుకొబ్బరి ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. తలేని గడప దగ్గరకు వెళ్ళి, తలుపు వారగా నేల మీద కూర్చుని, తొరాయ్ భాషలో మొదలుపెట్టింది. ఇంతసేపూ నవ్వుతూ వచ్చిన మనిషి, ఆ గొంతే మారిపోయింది. మాకు ఒక్క మాట అర్థం కాలేదు. అర్థం కావలసిన అవసరం లేకపోయింది. తలేని వాక్యం మొదలుపెడుతోంది, మధ్యలో ఉండగానే గీత లేస్తోంది. ప్రతిసారీ ముందే లేస్తోంది. మిసావు ముఖంలో మాత్రం ఏ కదలికా లేదు.

యుగంధర్ చాలాసేపు తెర చూశాడు. "ఇది ఆమె చాలాసార్లు విన్న కథ కూడా కావచ్చు కదా అంటారు సంఘంవాళ్ళు. నిజమని మనకు ముందే తెలిసిన సంఘటనతో సరిపోల్చి చూపిస్తే తప్ప ఒప్పుకోరు."

మిసావు కొబ్బరి ముక్క మెత్తబడే వరకు ఆగింది. తర్వాత పట్టీ విప్పి నా చేతిలో పెట్టింది.

"టీచర్ కూర్చోవాలి. నేను చెబుతాను."

ఆమె ఏం చెప్పబోతోందో యుగంధర్‌కు తెలియదు. నాకు తెలుసు. నేను కుర్చీలో కూర్చున్నాను. తలేని నాక్కూడా ఒక ముక్క ఇచ్చింది. అరచెయ్యి పలక మీద ఆనించాను. పలక చల్లగా ఉంది. మిసావు గడప మీద కూర్చుని తెలుగులో మొదలుపెట్టింది. నేను నేర్పిన తెలుగు.

"ఈ ఇంటి అమ్మాయి పేరు ప్రణీత. ఆవకాయలో వెల్లుల్లి ఏరుకుని తింటుంది. తలుపు గట్టిగా వేస్తుంది. మాట పోయినవాళ్ళకి మాట ఇచ్చింది. తెల్లవారుజామున కారులో వెళ్ళింది. దారిలో లారీ ఉంది. లారీకి..."

నేను తెర వైపు చూడలేదు. చూసింది యుగంధర్. అతను కుర్చీ పక్కకు తిప్పుకుని గోడ వైపు ముఖం పెట్టుకోవడం మాత్రం నాకు కనబడింది. మిసావు ఆపకుండా చివరిదాకా చెప్పింది. మా ఇంటి గడప మీద కూర్చుని చెప్పాల్సిన మాట, ఆ ప్రభుత్వ గది గడప మీద చెప్పింది. నేను నోరు విప్పలేదు. నోట్లో కొబ్బరి ఉంది. అది ఎందుకు పెడతారో తెలిసింది.

తర్వాత యుగంధర్ రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి మిసావుది, ఒకటి నాది. ఏది ఎవరిదో పైన పేరు లేకపోతే చెప్పడం కష్టం.

"రాసిస్తానాంటీ" అన్నాడు. "పునర్విచారణ అడుగుదాం."

అడిగాం. మిసావుకు ఒక్కదానికే ఇచ్చారు. అది కూడా ఓడ బయలుదేరే రోజుకి ముందు రోజు. తలేని దరఖాస్తు గడువు దాటి వచ్చిందన్నారు. గడువు ఉందని ఆమెకు ఎవరూ ఆమె భాషలో చెప్పలేదు.

విచారణాధికారి శేషగిరిరావు గారు కరకు మనిషేమీ కాదు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. "మా తమ్ముడి పిల్లలకి మీరే చెప్పారండి తెలుగు" అన్నాడు. కుర్చీ వేయించాడు. కరకు మనిషయితే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో.

"తోడు మనిషిగా ఎవరిని కోరుకుంటున్నారు?" అని అడిగాడు.

"తలేని" అంది మిసావు.

"కుదరదమ్మా. ఆవిడది తిరస్కరించిన కేసు. తిరస్కరించినవాళ్ళు తోడుగా ఉండకూడదు."

"పుస్తకంలో 'కోరుకున్న మనిషి' అని ఉందండి" అన్నాను. "తిరస్కరించినవాళ్ళు తప్ప అని లేదు."

"అది లోపలి ఉత్తర్వు టీచర్ గారూ. పుస్తకంలో ఉండదు."

"పుస్తకం మాకిచ్చి, ఉత్తర్వు మీ దగ్గర పెట్టుకుంటే, మేం ఏది చదువుకోవాలండి?"

ఆయన నవ్వాడు. చిన్నపిల్లల ప్రశ్నకు నవ్వినట్టు నవ్వాడు. "ఇంకెవరైనా ఉంటే చెప్పమనండి. లేదంటే ఆవిడే చెప్పుకోవాలి."

మిసావు నా వైపు వేలు చూపింది. "టీచర్ నా పొరుగు."

"టీచర్ గారు మీ పొరుగెలా అవుతారమ్మా? ఆవిడ ఇల్లు గాంధీనగర్."

"ఆమె కూతుర్ని నేను చెప్పాను. ఇప్పుడు నా ఇంటివాళ్ళని ఆమె చెప్పాలి."

శేషగిరిరావు గారికి అర్థం కాలేదు. కానీ అడ్డు చెప్పడానికి ఉత్తర్వు ఏదీ దొరకలేదు. మిసావు కొబ్బరి ముక్క నోట్లో పెట్టుకుంది. యుగంధర్ పట్టీ కట్టాడు. నేను వెళ్ళి తలుపు దగ్గర, నేల మీద కూర్చున్నాను. "అయ్యో, కుర్చీ ఉందండి" అన్నాడాయన. వినిపించుకోలేదు.

ఆ శనివారం తర్వాత తలేని నాకు అంతా తెలుగులో చెప్పింది. నేను దాన్ని మనసులో సరిచేసుకుంటూ వచ్చాను, మాటలు పెంచకుండా, ఏ మాటా దాయకుండా. నేను తరగతిలో నేర్పిన మాటలు తప్ప ఒక్క కొత్త మాట వాడలేదు. వాడితే మిసావుకు అందదు.

"ఈ ఇంటి మగవాడి పేరు దొహాన్. ఉప్పు పండిస్తాడు. పాట పాడితే కుక్కలు పారిపోతాయి. కొడుకులు ఇద్దరు. పెద్దవాడికి పెళ్ళి కుదిరింది. చిన్నవాడు అన్న చొక్కా వేసుకుని తిరుగుతాడు. పొద్దున సైన్యం వచ్చింది. మగవాళ్ళందరినీ ఉప్పు కొట్టులోకి వెళ్ళమంది. చిన్నవాడు మగవాడా పిల్లవాడా అని ఒకడు అడిగాడు. మిసావు..."

గీత అప్పటికే లేచింది. నేను చెప్పాల్సిన మాట ఇంకా నా నోట్లోనే ఉంది.

"మిసావు పిల్లవాడు అంది. అడిగినవాడు నవ్వి, చొక్కా చూడు పెద్దవాడిదే అన్నాడు. చిన్నవాడిని కూడా లోపలికి పంపారు. తలుపు వేశారు. బయట గడియ పెట్టారు."

అక్కడ గీత లేచి, కిందికి దిగలేదు. గడియ పెట్టడానికీ నిప్పు పెట్టడానికీ మధ్య ఏముందో తలేని నాకు చెప్పలేదు. తలేనికీ తెలియదు. మిసావుకు ఒక్కదానికే తెలుసు. ఆ ఖాళీలో గీత అలాగే పైన నిలబడి ఉంది. నేను ఆగాను. ఆగవలసినంత సేపు ఆగి, తర్వాత చెప్పాను.

"ఉప్పు మండదు. కొట్టు మండింది."

ముగించాను. శేషగిరిరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని అన్నాడు.

"చాలా బాధాకరం. కానీ నా ఇబ్బంది కూడా అర్థం చేసుకోండి. చెప్పింది మీరు. దరఖాస్తుదారు నోటి నుంచి ఒక్క మాట రాలేదు. నోటి మాట లేనిదే సాక్ష్యం కాదు. సాక్ష్యం లేదనే నేను రాయాలి."

"మీరు తెర చూశారు."

"చూశానండి. మనిషిగా నమ్ముతున్నాను. అధికారిగా రాయలేను."

నేను నేల మీంచి లేచాను. లేవడానికి కాస్త సమయం పట్టింది. "ముందు వెళ్ళిన రెండు ఓడల్లో వాళ్ళు కూడా ఇలాగే చెప్పారు కదండీ? పొరుగు చెప్పిన మాట చెప్పి, అబద్ధాలకోర్లనిపించుకున్నారు. వాళ్ళ సంగతి ఏం చేస్తారు?"

"అవి ముగిసిన ఫైళ్ళు టీచర్ గారూ. వాళ్ళని పంపించేశాం."

తరగతిలో పిల్లలకు నేను ఒకటే చెబుతాను. ఏ పనికి ఏ మాట ఉందో ఆ మాటే వాడండి, దాని బదులు మెత్తటి మాట వెతుక్కోకండి. ఏడాదిగా నేనే ఆ మాట తప్పుతున్నాను. పోయింది, లేదు, దూరమైంది అంటూ వస్తున్నాను.

"పంపించలేదు" అన్నాను. "చంపారు. ఆ సైన్యం చేతికే అప్పగించి, మా అమ్మాయి చేసిన వస్తువుతో చంపారు. నోరు లేనివాళ్ళ కోసం చేసిన దాన్ని తెచ్చి, నోరు తెరిచి అమ్ముకోనివాళ్ళ మెడకు కట్టారు. మీరు మంచివారే. ఏడుస్తూ సంతకం పెడతారు."

ఆయన ముఖం ఎర్రబడింది. "మేడమ్, ఇది విచారణ గది."

"తెలుసండి. విచారణ ఎప్పుడు మొదలవుతుందా అనే చూస్తున్నాను."

అప్పుడు యుగంధర్ లేచాడు. అతను పిరికివాడని నేననుకునేదాన్ని. పిరికివాడే. మిసావు నుదుటి పట్టీ మెల్లగా విప్పాడు. పలక తీగ ఊడదీశాడు. తీగను చుట్ట చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ఈ నెల సంతకం నేనింకా పెట్టలేదు. పెట్టను. యంత్రం బాగానే ఉంది. మీరు అడిగే పద్ధతికి పనికిరాదని రాస్తాను. పాత నెలల సంతకాలు కూడా వెనక్కి తీసుకుంటున్నానని రాస్తాను."

"రేపు ఓడ ఉంది, యుగంధర్."

"సంతకం లేకపోతే ఉత్తర్వు చెల్లదు కదా సార్. ఎవరినీ ఎక్కించలేరు."

"నీ ఉద్యోగం ఉండదు."

"ఉండదేమో సార్."

శేషగిరిరావు గారు నా వైపు చూశాడు, ఈ కుర్రాడికి మీరైనా బుద్ధి చెప్పండి అన్నట్టు. నేను చెప్పలేదు.

ఓడ మర్నాడు ఖాళీగా వెళ్ళింది. మిసావుకు ఆశ్రయం ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. కొత్త పద్ధతి ఖరారయ్యేదాకా అందరూ కేంద్రంలోనే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. ఎంతకాలమో అందులో లేదు. యుగంధర్‌ను ప్రయోగశాల సెలవు మీద పంపింది. పాత ఓడల గురించి అడుగుతూ మేం రాసిన ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. రాస్తూనే ఉన్నాం. ఇప్పుడు మా ఆయన కూడా రాస్తున్నాడు. ఆయన దస్తూరీ నాకంటే బాగుంటుంది.

ఓడ వెళ్ళిన మధ్యాహ్నం నేనూ మా ఆయనా తరగతికి వెళ్ళేసరికి బెంచీలు గోడకు జరిపి ఉన్నాయి. తొరాయ్ వాళ్ళంతా నేల మీద కూర్చుని ఉన్నారు. గడప ఖాళీగా ఉంది. అందరూ నా కోసమే చూస్తున్నారని తలేని అంది. ఇవాళ నవ్వు లేదు.

"మొదటి ఓడలో వెళ్ళినవాళ్ళకి ఇక్కడ ఇంటివాళ్ళు ఎవరూ లేరు టీచర్. పొరుగువాళ్ళం మేమే మిగిలాం. వాళ్ళు ఉన్నారో లేరో తెలియదు. ఉన్నారనుకుని చెబితే తప్పు. లేరనుకుని చెబితే ఇంకా తప్పు. కానీ ఎవరో ఒకరు వినాలి."

"ఇంటివాళ్ళు కూర్చునే చోట ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను.

మిసావు సంచిలోంచి ఎండుకొబ్బరి చిప్ప తీసి, చాకుతో ఒక ముక్క కోసింది. అది నా వైపు చాపి పట్టుకుంది.

నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, గడపకు వెనక కూర్చున్నాను. నా వెనకే వచ్చిన మా ఆయన, ఏమీ అడగకుండా, నా పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. మిసావు ఆయనకు కూడా ఒక ముక్క కోసింది. తలేని గడప మీద కూర్చుని మొదటి పేరు చెప్పింది.